వరి పొలంలో ‘దోమ’లన్నీ ఒకే కుటుంబమా? సుడిదోమల వర్గీకరణ, గుర్తించే పద్ధతి

వ్యవసాయ బీఎస్సీ చదువుతూ కీటకాల సేకరణ చేస్తున్న మీరు మూడు విషయాలు అడిగారు. లైట్ ట్రాప్‌లో (రాత్రి పురుగుల్ని ఆకర్షించే దీపపు ఎరలో) పడ్డ చిన్న చిన్న దోమల్లో ఏవి ప్లాంట్‌హాపర్లు, ఏవి లీఫ్‌హాపర్లు? ఒక పుస్తకంలో హోమోప్టెరా అని, మరో దాంట్లో హెమిప్టెరా అని, ఇంకోచోట ఆకెనోరింకా అని ఉంది, రికార్డులో ఏది రాయాలి? గోధుమ రంగు దోమను, తెల్లమచ్చ దోమను జాతి వరకు ఎలా ఖాయం చేసుకోవాలి?

ముందు సూటిగా చెప్తాను. రికార్డులో ఇలా రాయండి: క్రమం హెమిప్టెరా, ఉపక్రమం ఆకెనోరింకా, ఇన్‌ఫ్రాఆర్డర్ ఫుల్గోరోమార్ఫా, సూపర్ ఫ్యామిలీ ఫుల్గోరాయిడియా, కుటుంబం డెల్ఫాసిడే. గోధుమ రంగు దోమ నీలపర్వత లూజెన్స్, తెల్లమచ్చ దోమ సొగటెల్లా ఫర్సిఫెరా. రెండూ ఈ ఒక్క కుటుంబంలోనివే, వీటినే సుడిదోమలు అంటాం, ఇవి ప్లాంట్‌హాపర్లు. పచ్చదోమ మాత్రం ఇందులోకి రాదు, అది లీఫ్‌హాపర్. అది ఇన్‌ఫ్రాఆర్డర్ దగ్గరే విడిపోయి సికాడోమార్ఫాలో, సికాడెల్లిడే కుటుంబంలోకి వెళ్తుంది. ఇక గుర్తింపులో రంగును చివరికి వదిలేయండి. ముందు మీసాలు, తర్వాత రెక్క ఈనెలు, తర్వాత వెనుక కాలు, ఆఖరున మగ పురుగు జననాంగం చూడాలి. ఈ వరుస తప్పితే గోధుమ రంగులో ఉన్నవన్నీ సుడిదోమలే అనిపిస్తాయి.

హోమోప్టెరా గొడవ. పాత పుస్తకాల్లో రసం పీల్చే పురుగుల్ని రెండు ముక్కలు చేశారు. ముందు రెక్క సగం గట్టిగా సగం పొరలా ఉంటే హెటెరోప్టెరా, రెక్క మొత్తం ఒకేలా ఉంటే హోమోప్టెరా. కంకినల్లి (గంధీ బగ్) మొదటి దాంట్లోకి, పేనుబంక, తెల్లదోమ, పిండినల్లి, పొలుసు పురుగు, పచ్చదోమ, సుడిదోమ అన్నీ రెండో దాంట్లోకి వెళ్ళాయి. చిక్కేమిటంటే, ‘రెక్క ఒకేలా ఉండటం’ పూర్వీకుల నుంచి అలాగే మిగిలిపోయిన లక్షణం. దాన్ని పట్టుకుని బంధుత్వం కట్టలేం. 1990ల మధ్యలో 18ఎస్ రైబోసోమ్ జన్యువును పోల్చి చూసినప్పుడు హోమోప్టెరా ఒకే మూలం నుంచి వచ్చిన గుంపు కాదని తేలింది. పేనుబంక, తెల్లదోమ, పొలుసు పురుగులు స్టెర్నోరింకాగా విడిపోయాయి. వీటి ముక్కు ముందు కాళ్ళ మధ్య నుంచి పుట్టినట్టు కనిపిస్తుంది. సుడిదోమలు, పచ్చదోమలు, సికాడాల్లో ముక్కు తల వెనుక అడుగు భాగం నుంచి మొదలవుతుంది. ఇవి ఆకెనోరింకా.

1995 నాటి ఆ పరిశోధనల్లో కొన్ని, ఫుల్గోరోమార్ఫా మిగతా వాటికన్నా హెటెరోప్టెరాకు దగ్గరేమోనని అన్నాయి. అప్పుడే ఆర్కియోరింకా, క్లైపియోరింకా అనే పేర్లు పుట్టాయి. ఎక్కడైనా ఈ పేర్లు కనిపిస్తే కంగారు పడకండి. మొదటిది ఫుల్గోరోమార్ఫానే, రెండోది సికాడోమార్ఫానే. తర్వాత ఎక్కువ జన్యువులతో చేసిన పనుల్లో చాలావరకు రెండూ మళ్ళీ ఆకెనోరింకా కిందే కలిశాయి. కాబట్టి ఆ పేరు ధైర్యంగా రాయవచ్చు. హోమోప్టెరా అన్న మాట మాత్రం కొత్త రికార్డులో వద్దు.

వాడుక పేర్లతో మరో ఇబ్బంది ఉంది. వరిలో సుడిదోమ, పత్తిలో పచ్చదోమ, మిరపలో తెల్లదోమ అంటాం. చివర దోమ అనే ఉన్నా ఈ మూడూ మూడు వేర్వేరు గుంపులు. మామిడి తేనెమంచు పురుగు పేరులో దోమ లేకపోయినా అది పత్తి పచ్చదోమ కుటుంబానిదే. అందుకే చీటీ మీద వాడుక పేరు ఒక్కటే రాసి వదిలేయకండి.

ఇక అసలు పని. లైట్ ట్రాప్ నమూనాను పెట్రీ డిష్‌లో 70–80 శాతం ఆల్కహాల్‌లో పోసి, కింద తెల్ల కాగితం పెట్టి, వరుసగా ఇవి చూడండి.

మీసాలు. పురుగును పక్కకు తిప్పి కన్ను చూడండి. ఫుల్గోరోమార్ఫాలో మీసం (స్పర్శశృంగం) కంటి కింద, తల పక్క భాగంలో ఉంటుంది. దాని రెండో ముక్క ఉబ్బి, మీద చిన్న చిన్న గుండ్రటి జ్ఞానేంద్రియ ఫలకాలతో గరుకుగా కనిపిస్తుంది. అక్కడి నుంచి సన్నటి వెంట్రుక బయలుదేరుతుంది. పచ్చదోమలో మీసం రెండు కళ్ళ మధ్య ముఖం మీద ఉంటుంది. రెండో ముక్క చిన్నది, నున్నగా ఉంటుంది. 10 రెట్ల హ్యాండ్ లెన్స్‌తో కూడా తెలిసే తేడా ఇదే కాబట్టి పొలంలో నేను అందరికీ ముందు దీన్నే చూపిస్తాను.

రెక్క మొదలు, ఈనెలు. ముందు రెక్క శరీరానికి అతికే చోట చిన్న పొలుసులాంటి భాగం ఉంటుంది. దాన్ని టెగ్యులా అంటారు. ప్లాంట్‌హాపర్లలో ఇది సాధారణంగా స్పష్టంగా ఉంటుంది, లీఫ్‌హాపర్లలో ఉండదు. రెక్క వెనుక అంచున క్లావస్ అనే భాగంలో రెండు ఈనెలు కలిసి ఇంగ్లిష్ ‘వై’ ఆకారం కడితే ఫుల్గోరోమార్ఫా. విడివిడిగా అంచు వరకు పోతే లీఫ్‌హాపర్ వైపు. ఆల్కహాల్‌లో రెక్కలు అతుక్కుపోతే ఇది కనిపించదు. అప్పుడు సన్నటి సూదితో ఒక రెక్కను మొదలు దగ్గర విప్పి పరచాలి.

నడిమి కాళ్ళు. పురుగును వెల్లకిలా తిప్పితే, ప్లాంట్‌హాపర్లలో నడిమి కాళ్ళ మొదళ్ళు పొడవుగా, ఒకదానికొకటి దూరంగా ఉంటాయి. లీఫ్‌హాపర్లలో పొట్టిగా, దగ్గర దగ్గరగా ఉంటాయి. తల చితికిపోయిన నమూనాకు ఇదే దిక్కు.

వెనుక కాలు. ఇక్కడే కుటుంబం తేలుతుంది. మోకాలి కింది పొడవు భాగం టిబియా. పచ్చదోమలో దీని పొడవునా ముళ్ళు వరుసలు కట్టి ఉంటాయి. డెల్ఫాసిడేలో ఆ వరుసలు ఉండవు, పక్కన ఒకటి రెండు బలమైన ముళ్ళు, కొసన కొన్ని ముళ్ళ గుత్తి ఉంటాయి. ఆ కొసనే కదిలే పెద్ద ముల్లు ఒకటి ఉంటుంది. దాని పేరు కాల్కార్. సూదితో మెల్లగా తోస్తే కదలాలి. కదలకపోతే అది కాల్కార్ కాదు, మామూలు ముల్లు. వరిలోని సుడిదోమల్లో ఇది ఆకులా పలచగా ఉండి, ఒక అంచున సన్నటి పళ్ళు ఉంటాయి. డెల్ఫాసిడేలోనే ఆసిరాసినే వంటి పురాతన ఉపకుటుంబాల్లో ఆకులా కాక మొనదేలి దబ్బనంలా ఉంటుంది. కాల్కార్ పిల్ల పురుగుల్లోనూ ఉంటుంది కాబట్టి వాటినీ కుటుంబం వరకు చెప్పవచ్చు. మిగతా సుమారు 20 ప్లాంట్‌హాపర్ కుటుంబాల్లో దేనికీ ఈ కాల్కార్ లేదు.

నమూనాల్లో ఎక్కువగా పాడయ్యేది ఈ వెనుక కాళ్ళే. రాత్రంతా ట్రాప్ నీళ్ళలో నానితే ఊడిపోతాయి. తెల్లవారగానే తీసి ఆల్కహాల్‌లో వేయాలి. సీసా నిండా కుక్కకూడదు, పురుగులు సీసాలో మూడో వంతు దాటితే ఆల్కహాల్ పలచబడి కుళ్ళిపోతాయి. రెక్కల పురుగుల (మాత్‌ల) పొలుసులు అంటుకుంటే ముళ్ళు, ఈనెలు ఏవీ కనిపించవు. అందుకే పెద్ద రెక్కల పురుగుల్ని అప్పటికప్పుడే ఏరేయాలి.

ప్రజాతి. గోధుమ రంగు దోమ, తెల్లమచ్చ దోమల దగ్గర ఒక నమ్మకమైన గుర్తు ఉంది. వెనుక పాదంలో మొదటి ముక్క మీద పక్కగా చిన్న ముల్లు (ఒక్కోసారి కొన్ని) ఉంటే నీలపర్వత. ఆ ముక్క చివరన ఉండే ముళ్ళు అందరికీ ఉంటాయి, వాటితో పొరబడకండి. మీరు వెతకాల్సింది పక్క అంచు మీద ఉన్నది. సొగటెల్లాలో ఇది ఉండదు. హ్యాండ్ లెన్స్ చాలదు, 40 రెట్లు ఆపైన చూపే మైక్రోస్కోప్ కావాలి. రంగు ఈ గుర్తుకు తోడుగా మాత్రమే పనికొస్తుంది. తెల్లమచ్చ దోమకు రొమ్ము పైభాగంలో రెండు నల్లటి పక్కల మధ్య తెల్ల పట్టీ, ముందు రెక్క వెనుక అంచు మధ్యలో నల్ల మచ్చ ఉంటాయి. గోధుమ రంగు దోమ లేత గోధుమ నుంచి దాదాపు నలుపు వరకు ఏ ఛాయలోనైనా ఉండవచ్చు.

జాతి. ఇక్కడ మగ పురుగు తప్పనిసరి. ఆడవాటిని జాతి వరకు నమ్మకంగా చెప్పడం కష్టం. వాటితోపాటే దొరికిన మగవాటిని చూసి, ‘ఇవీ అవే కావచ్చు’ అని మాత్రం అనగలం. పొట్ట అడుగున రంపంలా పొడవాటి అండనిక్షేపకం ఉంటే ఆడది. చివర గిన్నెలా తెరుచుకుని ఉంటే మగది.

మగదాని పొట్టను సూదితో విడదీసి 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో వేయండి. గది వేడిలో అయితే ఒక రాత్రి, వేడి నీళ్ళ గిన్నెలో పెడితే 5–10 నిమిషాలు. మంట మీద నేరుగా మరిగించవద్దు, పొట్ట పగిలి ముక్కలు చెదురుతాయి. కండ కరిగి లోపలి గట్టి భాగాలు తేటగా కనిపించగానే తీయాలి. ఎక్కువసేపు ఉంచితే అవీ రంగు పోయి గాజులా మారి, అంచులు తెలియవు. తర్వాత రెండు మూడుసార్లు నీళ్ళలో కడిగి, గ్లిసరిన్ చుక్కలో పెట్టి, వెనుక నుంచి, పక్క నుంచి చూడండి. చూడాల్సినవి రెండు జతపరిచే కొక్కేలు, అంటే పారామియర్లు, వాటి మధ్యలోని ఈడియాగస్, అంటే మగ అంగం. తెల్లమచ్చ దోమలో పారామియర్ కొన పంగలా చీలి ఉంటుంది. నీలపర్వత లూజెన్స్‌ను దాని దాయాదులు నీలపర్వత బేకరీ, నీలపర్వత మ్యూరీల నుంచి వేరు చేసేదీ పారామియర్ ఆకారమే. ఈ ఆకారాన్ని వర్ణన చదివి తేల్చకండి, గీసిన బొమ్మ పక్కన పెట్టుకుని పోల్చండి. చూసిన కోణం కొంచెం మారినా కొన వేరేలా కనిపిస్తుంది. పని అయ్యాక ఆ భాగాన్ని పారేయకూడదు. గ్లిసరిన్ వేసిన బుల్లి గొట్టంలో పెట్టి, అదే పురుగు పిన్నుకు గుచ్చాలి.

నీలపర్వత బేకరీ వరి మీద కాక లీర్సియా అనే గడ్డి మీద బతుకుతుంది. ఈ గడ్డి కాలువ గట్ల మీద, తడి నేలల్లో పెరుగుతుంది. గట్టు పక్కన వల ఊపి పట్టిన గోధుమ దోమల్ని వరి పురుగుగా రాసేస్తే తప్పయ్యేది ఇందువల్లే. ఇంతకన్నా చిక్కు మరొకటి ఉంది. నీలపర్వత లూజెన్స్‌లా కనిపిస్తూనే లీర్సియా మీద బతికే గుంపులు ఉన్నాయి. ఆకారంలో తేడా చెప్పలేం. 1980లలో కీటక శాస్త్రవేత్త మైఖేల్ క్లారిడ్జ్ బృందం ఇవి జతకోసం మొక్క కాండం ద్వారా పంపుకునే కంపనాల్ని రికార్డు చేసి చూసింది. వరి మీది గుంపుకూ గడ్డి మీది గుంపుకూ ఆ లయ వేరు. ప్రయోగశాలలో కలిపితే సంకరం పుట్టినా, ఎంచుకునే వీలున్నప్పుడు తమ గుంపువాటినే కోరుకుంటాయి. అంటే పారామియర్ చూసి జాతి ఖాయం చేసినా, అది ఏ మొక్క మీద దొరికిందో చీటీ మీద రాయకపోతే సగం సమాచారం పోయినట్టే.

పనిలో పనిగా బయోటైపుల సంగతి. పరీక్షల్లో చాలామంది వీటిని ఉపజాతులుగా రాస్తున్నారు. అవి కావు. బయోటైప్ 1, 2, 3 అనేవి అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో టీఎన్ 1, మడ్గో, ఏఎస్‌డీ 7 అనే వరి రకాల మీద బతకగలగడాన్ని బట్టి పెట్టిన పేర్లు. దక్షిణాసియా గుంపును బయోటైప్ 4 అంటారు. ఒక రకం తట్టుకునే శక్తిని దోమ ఎలా ఛేదిస్తోందో చెప్పడానికి ఇవి పనికొస్తాయి. వర్గీకరణలో మాత్రం వీటికి స్థానం లేదు.

శాస్త్రీయ నామం పక్కన ఉండే పేరు (ఆ జాతిని మొదట వర్ణించినవారిది), సంవత్సరం కూడా సరిగ్గా రాయండి. నీలపర్వత లూజెన్స్ (స్టాల్, 1854), సొగటెల్లా ఫర్సిఫెరా (హోర్వాత్, 1899). ఇక్కడ బ్రాకెట్లు అలంకారం కాదు. మొదట పేరు పెట్టినప్పుడు వేరే ప్రజాతిలో ఉంచారని అర్థం. స్టాల్ లూజెన్స్‌ను డెల్ఫాక్స్ కింద పెట్టాడు. నీలపర్వత అనే ప్రజాతిని డిస్టెంట్ 1906లో ఏర్పరిచాడు. పాత వ్యాసాల్లో సొగటా ఫర్సిఫెరా అని కనిపిస్తే అది మన తెల్లమచ్చ దోమే. పచ్చదోమల్లో నెఫోటెట్టిక్స్ ఇంపిక్టిసెప్స్ అని ఉంటే ఇప్పటి నెఫోటెట్టిక్స్ వైరెసెన్స్. దీన్ని నెఫోటెట్టిక్స్ నైగ్రోపిక్టస్ నుంచి విడదీయడం సులువు. నైగ్రోపిక్టస్ తల ముందంచుకు సమాంతరంగా నల్ల గీత ఉంటుంది, వైరెసెన్స్‌కు ఉండదు. ఆల్కహాల్‌లో ఆకుపచ్చ పసుపుగా మారినా ఆ నలుపు నిలుస్తుంది.

సుడిదోమ పేరుతో వచ్చే నమూనాల్లో తరచూ కనిపించే పొరపాట్లు కొన్ని చెప్తాను. మొదటిది, పొట్టి రెక్కల ఆడ దోమను పిల్ల పురుగు అనుకోవడం. సుడిదోమలో పొడవు రెక్కలవి, పొట్టి రెక్కలవి రెండు రూపాలూ పెద్ద పురుగులే. పిల్ల పురుగులో రెక్క మొగ్గలు శరీరానికి అతికి ఉంటాయి, ఈనెలు ఉండవు, అండనిక్షేపకం పూర్తిగా ఏర్పడి ఉండదు. పొట్టి రెక్కల పెద్ద పురుగులో రెక్కను సూదితో ఎత్తవచ్చు, ఈనెలు కనిపిస్తాయి. ఇవి ఎగరలేవు కాబట్టి లైట్ ట్రాప్‌లో పడవు. వీటికోసం దుబ్బును వంచి, మొదలు మీద తట్టి, సబ్బు నీళ్ళు పోసిన పళ్ళెంలో పట్టాలి. లైట్ ట్రాప్ ఒక్కటే నమ్ముకున్న సేకరణలో పొలం సగమే కనిపిస్తుంది.

రెండోది మిరిడ్ నల్లి, సిర్టోరైనస్ లివిడిపెన్నిస్. ఇది హెటెరోప్టెరా, పైగా దోమ గుడ్లను పీల్చి తినే మిత్రపురుగు. పచ్చగా, తల రొమ్ము మీద నల్లగా ఉంటుంది. నాలుగు ముక్కల పొడవాటి మీసాలు ఒక్కటి చూసినా చాలు, సుడిదోమ కాదని తెలుస్తుంది. దీన్ని దోమల లెక్కలో కలిపితే అవసరం లేని చోట మందు కొట్టించినట్టవుతుంది. ఈ పొరపాటు నాకు అన్నిటికన్నా బాధ కలిగిస్తుంది. దోమను అదుపులో ఉంచేదాన్నే చంపుతున్నాం కదా.

మూడోది నిసియా. మీనోప్లిడే కుటుంబం, ఫుల్గోరోమార్ఫానే. బూడిద తెలుపు రెక్కల్ని నిటారు ఇంటి కప్పులా పెట్టుకుని ఉంటుంది, తుంగ మీద బతుకుతుంది. తుంగ ఉన్న వరి చేలల్లో వలకు బాగా చిక్కుతుంది. తెల్లగా ఉందని తెల్లమచ్చ దోమగా రాస్తారు. కాల్కార్ లేదు, అక్కడితో తేలిపోతుంది.

సేకరణకు మిగతా కుటుంబాలు కూడా కావాలంటే వరి పొలం దాటి బయటికి రండి. చెరకు ఆకుల అడుగున ముక్కు పొడుచుకొచ్చిన గడ్డి రంగు పిరిల్లా దొరుకుతుంది. అది లోఫోపిడే. దాని పిల్లలకు తోక దగ్గర రెండు పొడవాటి మైనపు పోగులు ఉంటాయి. జిల్లేడు మీద యూరిబ్రాకిస్ టొమెంటోసా, యూరిబ్రాకిడే. కొబ్బరి, వక్క ఆకుల కింద పొడవు రెక్కల ప్రౌటిస్టా మోయెస్టా, డెర్బిడే. కేరళలో కొబ్బరి వేరు ఎండు తెగులు తెచ్చే ఫైటోప్లాస్మాను (బ్యాక్టీరియా లాంటి సూక్ష్మజీవిని) మోసేవాటిలో ఇదొకటి. రెక్క ముందంచున అడ్డ ఈనెలు నిచ్చెన మెట్లలా ఉంటే ఫ్లాటిడే, రికానిడేల వైపు వెతకండి. తల కొమ్ములా సాగి ఉంటే డిక్టియోఫారిడే. 2014లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో బయటపడి ద్రాక్ష తోటల్ని పీడిస్తున్న మచ్చల లాంటర్న్‌ఫ్లై, లైకోర్మా డెలికాటులా, ఫుల్గోరిడేకు చెందినది. పేరులో లాంతరు ఉన్నా ఈ కుటుంబంలో ఏదీ వెలుగు ఇవ్వదు.

‘రైతుకు మందు సలహా ఇవ్వడానికి ఇంత లోతు కావాలా?’ అని మీరు చివర్లో అడిగారు. అన్నిసార్లూ అక్కర్లేదు, కానీ కుటుంబం మాత్రం తేలాలి. సుడిదోమ దుబ్బు మొదట్లో, నీటి పైన ఉంటుంది. మందు అక్కడికి చేరాలి. పచ్చదోమ పై ఆకుల మీద ఉంటుంది. సుడిదోమకు పిలక దశలో దుబ్బుకు 10–15, ఈనిక దశలో 20–25 వరకు ఆగమంటారు. టుంగ్రో అనే వరి వైరస్ తెగులు వచ్చే ప్రాంతంలో పచ్చదోమ దుబ్బుకు రెండు ఉన్నా పట్టించుకోవాలి, ఎందుకంటే అక్కడ నష్టం వైరస్ వల్ల. వైరస్ ప్రశ్న వచ్చినప్పుడు జాతి వరకు వెళ్ళక తప్పదు. గోధుమ రంగు దోమ రాగ్డ్ స్టంట్, గ్రాసీ స్టంట్ వైరస్‌లను మోస్తుంది. 2022లో పంజాబ్, హర్యానాల్లో వరి గిడసబారిపోయినప్పుడు కారణమైన సదరన్ రైస్ బ్లాక్ స్ట్రీక్డ్ డ్వార్ఫ్ వైరస్‌ను మోసేది తెల్లమచ్చ దోమ.

డీఎన్‌ఏ బార్‌కోడింగ్ (జన్యువు ముక్కను చదివి జాతిని గుర్తించడం) చేయించే ఆలోచన ఉంటే, అదే రోజు కొన్ని పురుగుల్ని విడిగా 95 శాతం ఆపైన ఆల్కహాల్‌లో వేసి మైనస్ 20 డిగ్రీల్లో పెట్టండి. కాలు ఒకటి తీసి సీఓఐ జన్యువులో 658 బేస్‌ల ముక్కను చదివిస్తే చాలు. మిగతా శరీరం, ముఖ్యంగా పొట్ట, ఆధారంగా ఉంచుకోవాలి. ఆ జన్యు వరుస డేటాబేస్‌లో సరిపోలిన నమూనాకే ఎవరో తప్పు పేరు పెట్టి ఉండే అవకాశం ఉంది. అప్పుడు మీ దగ్గరున్న మగ జననాంగమే తీర్పు చెప్తుంది. ఆడవాటికి, పిల్లలకు ఈ పద్ధతి నిజంగా ఉపయోగం.

ఎండు నమూనాలకు పిన్ను నేరుగా గుచ్చవద్దు, 3–4 మిల్లీమీటర్ల పురుగు చీలిపోతుంది. త్రికోణపు అట్టముక్క కొనకు రొమ్ము కుడి పక్కను కొద్దిపాటి జిగురుతో అంటించండి. ఎడమ వెనుక కాలు, ముఖం బయటికి కనిపించాలి. చీటీలో ఊరు, మండలం, జిల్లా, తేదీ, ఏ మొక్క మీద, ఎలా పట్టారు, ఎవరు పట్టారు అన్నవి ఉండాలి. అనుమానం తీరని వాటి ఫొటోలు ఇక్కడ పెట్టేటప్పుడు పైనుంచి తీసినది ఒక్కటే పెడితే ఎవరూ చెప్పలేరు. ముఖం పక్క నుంచి, వెనుక కాలి కొస దగ్గర నుంచి, మగదైతే పొట్ట చివర వెనుక నుంచి, ఈ మూడూ స్కేలుతో సహా పెట్టండి.